దండనమునకు మేర



1878వ సంవత్సరమున కలకత్తాలో నెలకొన్న సాధారణ బ్రాహ్మసమాజపు మూలసూత్రములలో నొకదాని తాత్పర్య మిది: పరమేశ్వరుడు పుణ్యమునకు సత్ఫలము నిచ్చును, పాపమును దండించును, కాని యాయన దండనము జీవుని బాగుచేయుటకే గాని, ఎన్నటికిని అంతము లేనిది కాదు. ఈ సూత్రము చూచుటకు చిన్నది. తూచినచో మిగుల బరువైనది. నేడు మేము దీనిని గూర్చియే మీతో ముచ్చటింపదలచితిమి.

మనము నిత్యనరకమును నమ్మము. క్షణకాలపు దోషమునకు అనంతమైన యాతనను విధించువాడు ప్రభువు కావచ్చునేమో గాని తండ్రి కాజాలడు. పాపి పశ్చాత్తప్తుడై మరలివచ్చుటకు ద్వారము తెరచియుంచునదే దైవన్యాయము. ఇంతవరకు మనలో భేదాభిప్రాయము లేదు. అయితే మందిరమున నీ మాటలు విని తలలూపిన మనమే, మరునాడు న్యాయస్థానములలో ఫిర్యాదుదారులుగను, సాక్షులుగను, న్యాయవాదులుగను, ఒకానొకప్పుడు న్యాయాధిపతులుగను నిలుచుచున్నాము. అచ్చట విధింపబడు శిక్ష నేరమునకు తగినంతదేనా యని మనలో నెంతమంది యడిగితిమి? దేవుని దండనమునకే మేర యున్నదని నమ్మువారు, మనుష్యుని దండనమునకు మేర యెచ్చటనని యడుగక యూరకుండుట ధర్మమా?

మన పూర్వులు ఈ ప్రశ్న నెరుగనివారు కారు. కాని వారి యుత్తర మొక్కటిగా లేదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమును చూడుడు. బ్రాహ్మణుని దూషించిన క్షత్రియునకు నూరు పణములును, వైశ్యునకు నూటయేబది లేక యిన్నూరు పణములును, శూద్రునకు దేహదండనమును అందు విధింపబడినవి. బ్రాహ్మణుడే శూద్రుని దూషించెనా, పండ్రెండు పణములతో సరి. ఇచ్చట తూచబడినది నేరము కాదు, జన్మము. అయితే ఆ యధ్యాయమే దొంగతనమును గూర్చి చెప్పుచు వేరొక త్రాసును చేతబట్టినది. తెలిసి దొంగిలించిన శూద్రుని దోషము ఎనిమిది రెట్లైనచో, వైశ్యునిది పదియారు, క్షత్రియునిది ముప్పదిరెండు, బ్రాహ్మణునిది అరువదినాలుగు రెట్లట! సామాన్యునకు ఒక కార్షాపణము జుల్మానా పడుచోట రాజునకు వేయి పడవలెనట! ఏల? వాడు మంచిచెడ్డల నెక్కువగా నెరిగినవాడు గనుక. నేరము చేయకుండుటకు వానికి ఎక్కువ శక్తి యున్నది గనుక. ఒకే గ్రంథమున రెండు త్రాసులు. మన సంఘము మొదటిదానిని శ్రద్ధతో పట్టుకొని, రెండవదానిని అటకమీద పెట్టినది. సంస్కర్తలమని చెప్పుకొను మనము ఆ రెండవదానిని క్రిందికి దింపవలసినవారము.

మన సమాజపు మూలపురుషుడైన రాజా రామమోహనరాయలవారు చేసిన దిదియే. 1827వ సంవత్సరమున నమలులోనికి వచ్చిన జ్యూరీ చట్టము ప్రకారము హిందువులను, ముసల్మానులను క్రైస్తవులు విచారింపవచ్చును గాని, క్రైస్తవుని హిందువులు గాని ముసల్మానులు గాని విచారింపరాదు. రాయలవారు దీనిని సహింపక తీవ్రముగా నాక్షేపించిరి. సతీసహగమనమును మాన్పించిన మహాపురుషుడని వారిని పొగడువారు వేలకొలది యున్నారు. న్యాయస్థానపు త్రాసునందు మతభేద ముండరాదని పోరాడినవారుగా తలచుకొనువారు కొలదిమంది. ఆ రెండు కార్యములును ఒకే విశ్వాసమునుండి పుట్టినవి: ఈశ్వరుని సన్నిధిని మనుష్యులందరు నొక్కటియే.

దండనము మితిమీరినపుడు ఏమగునో ఇంగ్లండు చరిత్ర మనకు చూపుచున్నది. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఆ దేశమున ఇన్నూరింటికి పైబడిన నేరములకు ఉరిశిక్ష యుండెడిది. అంగడిలో ఐదు షిల్లింగుల వస్తువును రహస్యముగా దొంగిలించినవానికి ఉరి. ఇంటిలో నలువది షిల్లింగుల సొత్తును దొంగిలించినవానికి ఉరి. అయినను దొంగతనములు తగ్గలేదు. తగ్గినది జ్యూరీవారి సత్యము. ప్రమాణముచేసి కూర్చున్న పెద్దమనుష్యులు ఒక మనుష్యుని ప్రాణము తీయ మనసొప్పక, ఎంత విలువైన సొత్తునైనను ముప్పదితొమ్మిది షిల్లింగులే చేయునని తీర్పు చెప్పుచుండిరి! క్రూరమైన చట్టము దయగలవానిని అసత్యవాదిని జేయును. దయలేనివానిని హంతకుని జేయును. సర్ శామ్యూల్ రోమిల్లీగారు అంగడిదొంగతనమునకు ఉరిశిక్షను తీసివేయవలెనని బిల్లు తెచ్చినప్పుడు, 1810వ సంవత్సరమున ప్రభువుల సభ దానిని త్రోసివేసెను. వ్యతిరేకముగా నోటుచేసినవారిలో బిషప్పులు ఏడుగురు! వారిని మనము నిందింపవచ్చును. కాని ప్రార్థన ముగించి మనము చేయు పనులను జూచి, రాబోవు తరమువారు మనల నేమందురో యనియు తలపవలెను.

మన దేశమునకు భారత శిక్షాస్మృతి వచ్చినది 1860వ సంవత్సరమున. అమలైనది 1862 జనవరి 1వ తేదిని. అది కులమును బట్టి శిక్షను మార్పలేదు. ఇది సామాన్యమైన మేలు కాదు. మనువు మొదటి త్రాసును ఆ చట్టము విరిచివేసినదనియే చెప్పవలెను. 1864వ సంవత్సరపు చట్టము చేర్చిన కొరడాదెబ్బల శిక్షయు 1955లో రద్దయ్యెను. 2024 జులై 1వ తేదినుండి శిక్షాస్మృతికి బదులుగా భారతీయ న్యాయసంహిత నడచుచున్నది. ఇక దండనమంతయు సరియైనదే కదా యని మీరనవచ్చును. మేమును చాలకాలమట్లే యనుకొంటిమి. మా యభిప్రాయము గ్రంథములు చదివి మారలేదు. మా యింటనే జరిగిన సంగతివలన మారినది. దానిని చెప్పుకొనుటకు మాకు సిగ్గుగా నున్నది. అయినను తన దోషమును దాచి పరుల దోషములపై నుపన్యసించుట ఈ వేదికకు తగదు.

పాత శిక్షాస్మృతి యమలులో నున్న దినములలో, మా యింట పాత్రలు తోముటకు వచ్చుచుండిన యొక వితంతువు వెండిగ్లాసు నొకదానిని తీసికొనిపోయి, ఇంటియద్దె బాకీకై కుదువపెట్టెను. ఆమె దోషియే. నిర్దోషియే యైనచో మేమీ సంగతిని చెప్పుట సులభమయ్యెడిది. ఆమెపై జాలిపడి, పోలీసులను తిట్టి, ఇంటికి పోయెడివారము. ఆమె తీసినది నిజము, ఒప్పుకొన్నది నిజము, గ్లాసు మాకు మరల దొరకినది నిజము. మేము కోపముతో ఫిర్యాదు వ్రాసి యిచ్చితిమి. చట్టము తన పని తాను చేసికొనిపోవునని మాకు మేము చెప్పుకొంటిమి.

చట్టము తన పని తాను చేసెను. సేవకులు యజమాని సొత్తును దొంగిలించినచో ఏడేండ్లవరకు శిక్ష వేయవచ్చునని స్మృతి చెప్పుచుండెను. ఆమెకు జామీను నిలుచు దిక్కు లేదు. విచారణ దినము వచ్చుసరికి ఐదు మాసములు గడచినవి. ఆమె నేరము నొప్పుకొనగా, అదివరకు చెరలో గడపిన కాలమే శిక్షగా నెంచి న్యాయాధిపతి విడిచిపెట్టెను. తీర్పు దయతో గూడినదే. కాని ఈ లోపల అద్దెగది యితరుల కిచ్చివేయబడినది. పదేండ్ల కుమార్తెను చుట్టము లెవరో తీసికొనిపోయిరి. ఆ పిల్ల మరల బడికి వచ్చినట్లు వినలేదు. శిక్ష ఐదు మాసములని తీర్పుకాగితములో నున్నది; ఆ పిల్ల చదువు ఏ కాగితములోను లేదు.

ఆ వారమే మరియొక వ్యవహారము ముగిసినది. వంటనూనెలో కల్తీచేసి యమ్మిన వర్తకు డొకడు జుల్మానా చెల్లించి, మధ్యాహ్నమునకే అంగడి తెరచెను. ఎన్ని కుటుంబములవారు ఆ నూనెను తినిరో లెక్క లేదు. ఆతని పక్షమున వాదించినవారము మేమే; ఫీజు పుచ్చుకొన్నవారమును మేమే. ఆ రెండు వ్యవహారముల కాగితములును ఒకనాడే మా బల్లమీద నుండెను. పక్కపక్కనున్న వానిని చూచినప్పుడు మాకు కలిగిన భావమును లజ్జ యని తప్ప వేరొకపేర పిలువలేము. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు న్యాయవాదుల యక్రమములను చూపుచు వ్యవహారధర్మబోధిని యను ప్రహసనమును రచించిరి. దానిని చదివి నవ్వినవారలలో మేము నొకరము. ఆనాడు మాత్రము నవ్వు రాలేదు.

ఆ దినమునుండి మేము శిక్షల పట్టికను వేరుదృష్టితో చదువ నారంభించితిమి. మీరును చదువుడు. యజమాని యింటి చెంబును దొంగిలించిన సేవకునకు ఏడేండ్లవరకు కారాగారము. ఒక మనుష్యునిచే వాని యిష్టమునకు విరుద్ధముగా, అక్రమముగా బలవంతపు చాకిరి చేయించినవానికో? ఒక సంవత్సరము, లేక జుల్మానా. పాతస్మృతిలో నిట్లే యుండెను. క్రొత్త సంహితలోను ఇట్లే యున్నది. వెట్టిచాకిరి నిర్మూలనమునకై 1976లో వచ్చిన ప్రత్యేక చట్టము సయితము మూడేండ్లను దాటలేదు. తినెడి వస్తువును కల్తీచేసి హానికరముగా మార్చినవానికి శిక్షాస్మృతిలో ఆరుమాసములు లేక వేయి రూపాయల జుల్మానా; సంహిత దానిని ఐదువేల రూపాయలు చేసినది. 2006 నాటి ఆహారభద్రత చట్టము జుల్మానాలను మిక్కిలి హెచ్చించినమాట నిజమే. కాని జుల్మానా సంపన్నునకు వ్యాపారపు ఖర్చులలో నొక ఖర్చు, పేదకు చెరసాలకు త్రోవ. కట్టలేనివాడు దానికి బదులుగా కారాగారమున నుండవలసినదే గదా!

క్రొత్త సంహితలో నొక మంచిమాట చేరినది. ఐదువేల రూపాయలకు లోబడిన సొత్తును మొదటిసారి దొంగిలించినవాడు దానిని గాని, దాని విలువను గాని తిరిగి యిచ్చివేసినచో, వానికి చెరసాలకు బదులు సంఘసేవయే శిక్ష. దైవదండనమును గూర్చిన మన సూత్రమునకు ఇది చాల దగ్గరగా నున్నది. ఇందు సొత్తు సొంతదారుని చేరును, దోషి సంఘమును వీడిపోడు. కాని గమనింపుడు! ఈ కనికరపు మాట సామాన్యమైన దొంగతనమును గూర్చిన విభాగమునందే యున్నది. ఇంటిలోని దొంగతనమును, సేవకుని దొంగతనమును గూర్చిన విభాగములలో లేదు. బజారులో పరుని వస్తువును తీసినవానికి సంఘసేవ. మన వంటింటిలో గ్లాసు తీసిన దాసికి ఏడేండ్లవరకు చెర. చట్టములను చేయువారు మనవంటి గృహస్థులు గనుక, మన యిండ్లను గూర్చి మనకు గల భయము ధర్మసూత్రముగా మారినది. తన సొత్తునకు పదిరెట్ల విలువ కట్టి, పరుని స్వేచ్ఛకు పదవవంతు విలువ కట్టువాడు తూనికలో మోసము చేయువాడు కాక మరెవ్వడు?

పట్టికలోని శిక్ష యొక యెత్తు. తీర్పునకు ముందే పడు శిక్ష మరియొక యెత్తు. 2022వ సంవత్సరాంతమున మన దేశపు కారాగారములలో నుండిన 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియని ఖైదీలు. అనగా నూటికి డెబ్బదియైదుగురికి పైగా, దోషులని యింకను ఎవ్వరును నిర్ణయింపనివారే. 1979లో బీహారు కారాగారముల స్థితి సర్వోన్నత న్యాయస్థానమున బయలుపడినప్పుడు, తమపై మోపబడిన నేరమునకు చట్టము విధింపగల హెచ్చుశిక్షను మించిన కాలము విచారణ లేకయే చెరలో గడపినవారు కనబడిరి. శీఘ్రవిచారణ ప్రాథమిక హక్కులో భాగమని న్యాయస్థానము నిర్ణయించెను. 2024లో నమలైన క్రొత్త విధానచట్టము ప్రకారము, మునుపెన్నడును ఏ నేరమునకును దోషులుగా నిర్ణయింపబడనివారు హెచ్చుశిక్షలో మూడవవంతు కాలము గడపినచో వారిని విడువవలెను. మరణదండనకు గాని యావజ్జీవశిక్షకు గాని లోనగు నేరములును, ఒకటికంటె నెక్కువ నేరములు విచారణలో నున్నవారును దీనికి వెలి. ఇది మేలే. అయినను ఏడేండ్ల నేరమున మూడవవంతనగా రెండేండ్లకు మించును. మేము చెప్పిన వితంతువున కది యేమి యాదరువు?

ఇక మహాపరాధముల మాట. దొంగతనముల విషయమున దయ చెల్లును గాని, హత్యల విషయమున నెట్లు చెల్లునని కొందరు శంకింతురు. చంపబడినవారి తల్లుల కన్నీటికి విలువ లేదా యని యడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. తగినంత యను మాటకు రెండువైపులును పదునే. నేరమునకు మించిన శిక్ష యెంత అన్యాయమో, నేరమునకు చాలని శిక్షయు అంత అన్యాయమే. బలవంతుడు బలహీనుని చంపి, సాక్షులను కొని, చిరునవ్వుతో నింటికి వచ్చినప్పుడు దయ యను పేరెత్తుట దయకే యవమానము. మేము కోరునది శిక్ష లేకుండుట కాదు. శిక్షింపబడువాని నెరిగి శిక్షించుట.

దీనికి నిదర్శనము మన ప్రాంతమునుండియే కలదు. ఆంధ్రప్రదేశమునుండి పోయిన యొక యప్పీలుపై సర్వోన్నత న్యాయస్థానము 1974లో తీర్పు చెప్పెను. ఇరువదినాలుగేండ్ల స్త్రీ యొకతె యీర్ష్యవలన ఒక స్త్రీని, ఆమె బిడ్డను చంపినది. ఇంతకంటె ఘోర మేమున్నది? క్రింది న్యాయస్థానము ఉరిశిక్ష వేసెను. ఉన్నత న్యాయస్థానము దానిని స్థిరపరచెను. జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు దోషమును స్థిరపరచియు, ఆ దోషి యెవరని విచారించిరి: ఆమె వయస్సు, అత్తవారింటినుండి వెడలగొట్టబడుట, చిన్నబిడ్డ యుండుట, సంవత్సరములకొలది ఉరితాడు నీడన గడపుట. ఇవియన్నియు తూచి యావజ్జీవశిక్షగా తగ్గించిరి. ఆ సంవత్సరముననే యమలైన 1973 నాటి విధానచట్టము, దోషమును నిర్ణయించిన పిమ్మట శిక్షను గూర్చి దోషి చెప్పుకొనునది వేరుగా వినవలెనని శాసించినది. మరణదండన అరుదైనవానిలో నరుదైన సందర్భములకే యని 1980లో సర్వోన్నత న్యాయస్థానము మేర విధించెను. యావజ్జీవఖైదీ హత్యచేసినచో మరణము తప్ప వేరుశిక్ష లేదన్న విభాగమును 1983లో కొట్టివేసెను. ఆ తీర్పున మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఏకీభవించుచు వేరుగా తమ యభిప్రాయమును వ్రాసిరి. వినక, తూచక వేయు శిక్ష న్యాయము కాదని వీని యన్నిటి సారము.

కాని వినుమని చట్టము చెప్పిన మాత్రమున ఏమగును? శిక్షను గూర్చి చెప్పుకొనునది యేమని దోషిని అడుగుటయు, ఇంటివద్ద పిల్లలున్నారు, దయచూపవలెనని న్యాయవాది యొక్క వాక్యము పలుకుటయు, మరుక్షణమున శిక్ష వ్రాయబడుటయు మేమెన్నిమారులో చూచితిమి; ఆ యొక్క వాక్యమును మేమును పలికితిమి. ఒక మనుష్యుని జీవితమును ఒక్క వాక్యములో ముగించుటకు మాకెవ్వ రధికార మిచ్చిరి? సర్వాంతర్యామియైన యీశ్వరుడు మన హృదయపు లోతుల నెరిగియు, మనకు మేరగల దండనమునే విధించుచున్నాడు. హృదయము నెరుగలేని మనుష్యుడు ఎంత యధికముగా సంకోచింపవలెను!

సోదరులారా! మనము చేయదగిన పనులు దూరముననున్నవి కావు. ఇంటి సేవకులవలన దోషము జరిగినప్పుడు ఫిర్యాదుకు కలమెత్తకముందు, మన కోపమును ఒకరాత్రి నిద్రింపనిండు. వారికి మన మిచ్చుచున్న జీతమెంతయో మరునాటి యుదయమున లెక్కచూచుకొనుడు. విచారింపదగిన పేదకు జామీను నిలుచుట తీర్థయాత్రకంటె తక్కువ పుణ్యము కాదు. మన సమాజసభ్యులు పదిమంది చేరినచో ప్రతి పట్టణమునను ఈ సేవ సాగును. న్యాయవాదులైనవారు శిక్షను గూర్చిన వాదమునకై దోషి యింటికి పోయి, వాని స్థితిగతులను స్వయముగా తెలిసికొనవలెను. సంఘసేవాశిక్షను ఇంటిదొంగతనములకును, సేవకుల చిన్నదోషములకును విస్తరింపజేయుమని మన ప్రతినిధుల నడుగవలెను. చాకిరి చేయించువాని శిక్ష చెంబుదొంగ శిక్షకు తీసిపోకుండ చేయుమనియు నడుగవలెను.

ఆ వితంతువును మేము మరల చూడలేదు. విడుదలయైన పిమ్మట ఆమె ఊరు విడిచిపోయినదని మాత్రము వింటిమి. వెదకుటకు మేము పోలేదు, పోవలసినవారము. గ్లాసు మాత్రము మా యింటనే యున్నది. దైవదండనము బాగుచేయునదని మేము మొదట చెప్పితిమి గదా. మాకు పడిన దండన మదియే.

ప్రార్థింతము. ఓ పరమపితా! మేము చేసిన దోషములకు నీవు తగినదండనము నిచ్చి, మరలివచ్చుటకు త్రోవ చూపితివి. మా సోదరులను తూచునప్పుడు మా చేతిత్రాసు వంకరపోకుండ కాపాడుము. బలవంతుని యెదుట మాకు ధైర్యమును, దుర్బలుని యెదుట మాకు వినయమును ప్రసాదింపుము. ఎవ్వని నిమిత్తమును నీవు మూయని ద్వారమును మేము మూయకుందుము గాక!

ఓం శాంతిః శాంతిః శాంతిః.